పంద్రాగస్టు నాటి చప్పట్లు

పంద్రాగస్టు అంటే నాకు పడదు. బడిపంతులమ్మ నోట రావలసిన మాట కాదిది, తెలుసు. దేశం మీద నాకు కోపం లేదు, జెండా మీద అసలే లేదు. ఆ పొద్దుట చప్పట్లు కొడతారు చూడండి, అవి నా వల్ల కాదు. మా అన్న ఆ చప్పట్ల మధ్యే పోయాడు. ఒడ్డున మేమంతా నవ్వుతూ చేతులు నొప్పెట్టేలా కొడుతుంటే, కెరటాల అవతల తెప్ప మీద వాడి ఒంట్లో నెత్తురు పోతూనే ఉంది. అందరికంటే గట్టిగా కొట్టింది మా అమ్మ.

ఇది ముందే చెప్పేస్తున్నాను. ఆఖర్న చెప్పి మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేసే సరదా నాకు లేదు. మేము ఉలిక్కిపడ్డది చాలు.

మాది విశాఖపట్నంలో ఇసుకలోనే కట్టుకున్న జాలరి పేట. తాటాకు ఇళ్ళు, వాటి మధ్య ఆరేసిన వలలు, ఇళ్ళ ముందు ఒడ్డుకు లాగి పెట్టిన తెప్పలు. నాలుగు దుంగలు తాళ్ళతో కలిపి కట్టి, దాని మీద ఇద్దరు మగవాళ్ళు సముద్రంలోకి పోవడమే మా బతుకు. స్వాతంత్ర్య దినం మా పేట దాకా వచ్చేది కాదు. ఆ రోజు హార్బరులో ఓడలకు ఈ కొస నుంచి ఆ కొసకు రంగు రంగుల జెండాలు కట్టేవారు. సాయంత్రం నేవీ ఓడలకు దీపాలు పెట్టేవారు. అవి చూడటానికి ఊరు ఊరంతా బీచికి వచ్చి, మా వలల మీద నడిచి, ముక్కు మూసుకుని వెళ్ళిపోయేది. మా వాళ్ళు గంగమ్మ పండక్కి వేట మానేవాళ్ళు గాని పంద్రాగస్టుకు మానేవాళ్ళు కాదు.

"సొతంత్రం ఒచ్చిందని సేపలు ఒడ్డుకొచ్చి పడతాయేటి?" అనేవాడు మా తాత.

అలా అనే తాతే మొదటి పంద్రాగస్టు కథ ఏటేటా చెప్పేవాడు. ఆ రోజు ఆయన వేటలో ఉన్నాడట. దూరం నుంచి చూస్తే పోర్టు వైపు కర్ర మీద రోజూ ఎగిరే జెండా లేదు, వేరేదేదో ఉంది. కళ్ళు మసకేశాయనుకున్నాడు. ఒడ్డుకు రాగానే ఎవరో ఆయన తడి చేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టారు. "ఎవులి పెళ్ళిరా?" అని అడిగాడట. పెళ్ళి కాదు, తెల్లోడు వెళ్ళిపోయాడు అన్నారు. "ఎల్లిపోతే పోనాడు, మన బాకీలు తీర్సీసే ఎల్లినాడా?" అని అడిగాడట మా తాత. ఈ ఆఖరి మాట మొదట్లో కథలో ఉండేది కాదని, ఏటేటా పెరుగుతూ వచ్చిందని అమ్మ అనేది. మర్నాడు పేటలో కుర్రాళ్ళంతా తెప్పలకు రంగు గుడ్డలు కట్టుకుని వేటకెళ్ళారని కథ ముగింపు. అది మాత్రం నిజమే. ముసలివాళ్ళందరూ ఒకేలా చెప్పేవారు.

నాకు ఊహ తెలిసేసరికే నాన్న లేడు, జ్వరంతో పోయాడు. ఇంట్లో తాత, అమ్మ, అన్న, నేను. అమ్మకు తమ్ముడు, మా మావ, పక్కింట్లోనే ఉండేవాడు. అన్నా మావా కలిసి ఒకే తెప్ప మీద వేటకెళ్ళేవారు. మావకూ అన్నకూ వయసులో పెద్ద తేడా లేదు. ఒడ్డు మీద బావలూ బావమరుదుల్లా ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు, సముద్రంలో మాత్రం మావ మాటే చెల్లేది.

మా అన్న గొప్పవాడేమీ కాదు. పోయినవాళ్ళను దేవుళ్ళను చేసేయడం నాకు నచ్చదు. వాడికి ముక్కు మీద కోపం, చేప తలకాయ కోసం నాతో జుట్లు పట్టుకునేవాడు, స్నానం చేస్తే నూనె సీసా ఖాళీ చేసేవాడు. కాని నన్ను బడి మానిపించాలని తాత అన్న రోజున అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "అది సదూకోవాల. నేకపోతే దీనికీ సేపల గంపే గతి" అన్నాడు. ఆ రోజుల్లో ఉక్కు ఫ్యాక్టరీకి కొత్తగా శంకుస్థాపన అయింది. ఊళ్ళో ప్రతి మగపిల్లాడూ అందులో ఉద్యోగం తనదే అనుకునేవాడు, మా వాడూ అంతే.

"ఇనుము పని సేత్తాడంట! సేప పొలుసు ఒలవమంటే ఏలు కోసుకుంటాడు, ఈడు ఇనుము ఒలుత్తాడు" అని అమ్మ నవ్వేది.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. పేటలో ఆమె చూపంత చూపు ఎవరికీ లేదు. సముద్రం మీద నలకల్లా కనిపించే తెప్పల్ని చూసి, ఇది ఫలానా వాడిది, వాడు ఒంగి తెడ్డేస్తున్నాడు కాబట్టి బరువుగా వస్తున్నాడు, ఇది వట్టిదే అని చెప్పేసేది. తెప్ప ఒడ్డు చేరకుండానే మారుబేరగాళ్ళతో ధర తేల్చేసేది. మిగతా ఆడవాళ్ళు గంపలు పట్టుకుని ఆమె చుట్టూ చేరి, "ఓలప్పా, మావోడు ఒత్తన్నాడా?" అని అడిగేవారు. ఆమె వస్తున్నాడంటే వస్తున్నట్టే.

మా తెప్పల వాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. వానాకాలంలో ఒడ్డు దగ్గర కెరటాలు పెద్దవిగా విరుగుతాయి. ఆ విరిగే కెరటాలు దాటి రావాలంటే ఇద్దరూ తెడ్లు వెయ్యాలి. ఒకడికి ఏదైనా అయితే రెండోవాడు ఒంటరిగా దాటలేడు, తెప్ప తిరగబడుతుంది. అప్పుడు కెరటాల అవతలే ఆగి, ఒక తెడ్డును నిలువుగా ఎత్తి, దాని కొసకు ఏ గుడ్డ దొరికితే ఆ గుడ్డ కట్టేవారు. మనిషి కావాలని దాని అర్థం. ఒడ్డు మీద ఎవరు చూసినా సరే, పగవాడైనా సరే, ఇంకో తెప్ప తోసుకుని వెళ్ళిపోవలసిందే. ఆ గుడ్డను చూసి వెళ్ళనివాడితో పేటలో ఎవరూ మాట్లాడరు.

అది స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళు నిండిన సంవత్సరం. అంతకు ముందు చలికాలంలోనే యుద్ధం అయింది, దీపాలార్పుకుని మా పేట మా పేటంతా చీకట్లో కూర్చున్న రోజులు ఇంకా గుర్తున్నాయి. దేశం అనే మాట మా ఇసుక దాకా అప్పుడే వచ్చిందనుకుంటాను. పేట కుర్రాళ్ళు ఒక సంఘం పెట్టి, ఈసారి పంద్రాగస్టు మన ఒడ్డునే చేద్దామన్నారు. మా బడి మేష్టారు వాళ్ళకు తోడయ్యారు. ఆయన క్రైస్తవుడు, నెమ్మదైన మనిషి, ఆదివారం చర్చిలోనూ మిగతా రోజులు మా పాక బడిలోనూ ఒకే గొంతుతో మాట్లాడేవాడు. తాత చెప్పే తెప్పల జెండాల కథ విని ముచ్చటపడి, ప్రతి తెప్పకూ జెండా కట్టి వేటకు పంపుదాం, తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్క తెప్పకూ ఒడ్డున చప్పట్లతో స్వాగతం చెబుదాం అన్నారు. మేష్టారి భార్య కూర్చుని గుడ్డ జెండాలు కుట్టింది. వాటిని కట్టడానికి వెదురు బొంగులు తెచ్చారు.

ముందు రోజు సాయంత్రం జెండాలు పంచారు. సంఘం కుర్రాళ్ళు ముందు తమ బావలకూ బావమరుదులకూ ఇచ్చుకున్నారు, మా వాడి దగ్గరకు వచ్చేసరికి అయిపోయాయి. అన్న ఇంటికొచ్చి మూతి ముడుచుకుని కూర్చున్నాడు. పెళ్ళిలో పీట దొరకని పెద్దమనిషికి కూడా అంత కోపం రాదు.

"జెండా నేకపోతే ఏటిరా? నా సీర ముక్క కట్టీ. పచ్చగానే ఉంది, జెండాలో ఒక రంగు మనదైపోయినట్టే" అంది అమ్మ, చద్ది మూట కట్టే పాత చీర ముక్కను వాడి మీదికి విసురుతూ.

వాడికి నవ్వు ఆగలేదు. "నిజంగా కట్టీత్తాను, సూడు. అందరూ నీ సీరకి దండం పెడతారు" అన్నాడు.

పొద్దు పొడవక ముందే తెప్పలు వెళ్ళిపోయాయి. అమ్మ చద్దిని ఆ పచ్చ గుడ్డలోనే కట్టి ఇచ్చింది. నేను నిద్ర లేచేసరికి ఒడ్డు తిరనాళ్ళలా ఉంది. మామిడాకుల తోరణాలు, అద్దెకు తెచ్చిన మైకు, ఒక బల్ల, బల్ల మీద దుప్పటి. ఏదో ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి జీపులో వచ్చాడు. ఇసుకలో బూట్లు కూరుకుపోతుంటే ఎవరో ఆయన కోసం తాటాకులు పరిచారు. ఆడవాళ్ళు ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకున్నారు. మగవాళ్ళలో ఒడ్డున ఉండిపోయినవాళ్ళు తెల్ల చొక్కాలు వేసుకున్నారు. చొక్కాల్లో వాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టలేనట్టు చూసుకుంటుంటే నాకూ నా స్నేహితురాళ్ళకూ ఒకటే నవ్వు. నిజం చెప్పాలంటే అంత సంతోషంగా ఉన్న పొద్దు నా చిన్నతనంలో మరొకటి లేదు.

జెండా ఎగరేశారు. ఆ తర్వాత తెప్పలు రావడం మొదలైంది. మధ్యలో వెదురు బొంగు, బొంగు మీద మూడు రంగుల జెండా, నాలుగు వైపులా తెల్లటి నురగ. మేష్టారు మైకులో "అదిగో, మరొక తెప్ప! అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలి!" అనేవారు. మేము కొట్టేవాళ్ళం, డప్పులు మోగేవి. దిగినవాళ్ళు సిగ్గుపడుతూ, తడి పంచెలు పిండుకుంటూ వచ్చేవారు. ఎన్నడూ ఎవరూ వాళ్ళ రాకకు చప్పట్లు కొట్టలేదు మరి.

అన్నవాళ్ళ తెప్ప అందరికంటే ఆఖరున కనిపించింది. కెరటాలు విరిగే చోటికి అవతల ఆగింది. దాని మీద ఒక మనిషి నిలబడి, పొడుగ్గా ఏదో ఎత్తి పట్టుకున్నాడు. దాని కొసన పచ్చగా గుడ్డ రెపరెపలాడుతోంది.

అందరికంటే ముందు అమ్మే గుర్తుపట్టింది. అంత దూరం నుంచి కూడా తన చీర ముక్కను గుర్తుపట్టింది.

"ఓలమ్మా! నా సీరేనే! అన్నంత పనీ సేసీసినాడు ఎర్రి నాయన!"

పక్కనున్న ఆడవాళ్ళందరికీ రాత్రి జరిగిందంతా చెప్పింది. వాళ్ళు విరగబడి నవ్వారు. ఒకరి నుంచి ఒకరికి ఆ మాట మేష్టారి దాకా వెళ్ళింది. ఆయన కూడా మైకులో నవ్వుతూ, "జెండా దొరకలేదని తల్లి చీరను జెండాగా కట్టుకుని వచ్చిన బిడ్డకు ఇంకా గట్టిగా కొట్టాలి!" అన్నారు. కొట్టాం. అమ్మ చేతులు పైకెత్తి కొట్టింది. మధ్యమధ్య ఊపేది, మళ్ళీ కొట్టేది. తెప్ప మీది మనిషి కూడా చెయ్యి ఊపాడు. అది మావ అని, రమ్మని పిలుస్తున్నాడని మాకు తెలియదు. మేము ఇంకా హుషారుగా ఊపాం.

తెప్ప రాలేదు. "ఈడి యేసాలు సూడు, ఇంకా కొట్టాలంట" అన్నాడెవరో. అందరూ నవ్వారు. ఈలోగా పెద్దమనిషి ఉపన్యాసం మొదలుపెట్టాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. స్వాతంత్ర్యం ఎంత కష్టపడి తెచ్చుకున్నామో, దాన్ని ఎంత జాగ్రత్తగా కాపాడుకోవాలో చాలాసేపు చెప్పాడు. మంచి మాటలే చెప్పాడు, ఆయన తప్పేమీ లేదు. వింటూనే అమ్మ మధ్యమధ్య సముద్రం వైపు తిరిగి చెయ్యి ఊపుతోంది. కొత్తగా వచ్చినవాళ్ళకు "అది మావోడి తెప్పే" అని చూపిస్తోంది.

తాత ఎండకు ఓర్వలేక ఒడ్డునున్న నావ నీడలో కూర్చున్నాడు. అప్పటికి ఆయనకు దూరం చూపు పోయింది. నేను మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళాను.

"అందరూ ఒచ్చీసినారా?" అని అడిగాడు.

"అన్న రాలేదు తాతా. కెరటాల అవతలే ఉన్నాడు. అమ్మ చీర ముక్క జెండాలా ఎత్తి పట్టుకున్నారు."

"దేనికి కట్టేరు?"

"తెడ్డుకి."

తాత నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు నాకు ఇప్పటికీ తెలుస్తుంది. "తెడ్డుకేటి? జెండా ఎవులైనా తెడ్డుకి కడతారేటి? కెరటం దాటాలంటే తెడ్డు కావాల కదా!" అని లేచాడు. లేచి అరిచాడు. మైకు ముందు ఆ ముసలి గొంతు ఎవరికీ వినపడలేదు. పడుతూ లేస్తూ జనం మధ్యకు వెళ్ళి, కనిపించినవాడి చొక్కా పట్టుకుని లాగుతూ, "మనిసి కావాలంటన్నాడ్రా! మనిసి కావాలంటన్నాడు!" అని అరిచాడు.

ఆ మాట అర్థం కానివాడు మా పేటలో ఎవరూ లేరు. తెల్ల చొక్కాలతోనే మగవాళ్ళు నీళ్ళలోకి పరుగెత్తారు. మైకులో ఉపన్యాసం ఒక మాట మధ్యలో ఆగిపోయింది. నేను అమ్మ వైపు చూశాను. ఆమె చేతులు ఇంకా పైకే ఉన్నాయి. వాటిని దించాలన్న సంగతి ఆమెకు తెలియలేదు.

సముద్రంలో జరిగింది మావ తర్వాత చెప్పాడు. వలలో పెద్ద టేకు చేప పడింది. దాని తోకకు రంపంలాంటి ముల్లుంటుంది. అన్న దాన్ని విడదీస్తుంటే తోక తిప్పి కొట్టింది, ముల్లు తొడ లోపలి వైపు దిగింది. అది బయటికి వచ్చేటప్పుడు కోసుకుంటూ వచ్చింది. మావ తన తలగుడ్డతో గాయం బిగించి కట్టాడు. ఒడ్డు దగ్గరికి రావడానికి ఒక్కడే తెడ్డేశాడు. కెరటాల దగ్గర ఇక వల్లకాక, చద్ది మూట విప్పి, ఆ గుడ్డ తెడ్డుకు కట్టి ఎత్తాడు. ఒంటి మీది గుడ్డ తప్ప తెప్ప మీద ఇంకో గుడ్డ లేదు.

అన్నను తీసుకొచ్చేసరికి వాడికి తెలివి లేదు. ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. పెద్దమనిషి తన జీపులోనే ఎక్కించమన్నాడు, తానే ముందుకు వంగి డ్రైవరును తొందరపెట్టాడు. ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, కళ్ళు తెరిచి చూసి, "కాస్త ముందు తీసుకురావలసిందమ్మా" అన్నాడు. అందరితో అనే మాటే అయి ఉంటుంది. ఆయనకేం తెలుసు. అమ్మ ఆ మాటను మింగేసింది, మళ్ళీ బయటికి రానివ్వలేదు.

పేటలో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అనడానికి చప్పట్లు కొట్టనివాడు ఒక్కడుంటే కదా. ఆడవాళ్ళు వచ్చి "అందరం కొట్టినాం కదప్పా" అనేవారు. "మీకేటి తెలుసు, అది నా సీర. నాకు తెలియాల" అనేది అమ్మ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న పేట మాది. మరుసటి ఏడు ఒడ్డున జెండా కర్ర పాతలేదు, తెప్పలకు జెండాలు కట్టలేదు. తాత తన బెల్లం ముక్క కథ మళ్ళీ చెప్పలేదు. ఎవరూ చెప్పమనలేదు కూడా.

అమ్మ సముద్రం వైపు చూడటం మానేసింది. చేపల గంప మోయడం మానలేదు, మానితే గడవదు. కాని తెప్పలు వచ్చే వేళకు ఒడ్డుకు వెళ్ళేది కాదు. వేరేవాళ్ళు తెచ్చిన చేపలు వాళ్ళ దగ్గర కొని, ఊళ్ళో వీధివీధీ తిరిగి అమ్మేది. అలవాటు కొద్దీ ఎవరైనా "మావోడు ఒత్తన్నాడా?" అని అడిగితే, "నాకు కనపడదే" అనేది. కళ్ళు బాగానే ఉండేవి.

నన్ను మేష్టారు చదివించారు. ఆయన సొంత పుస్తకాలు ఇచ్చారు, టీచరు ట్రైనింగుకు ఆయనే దరఖాస్తు పెట్టించారు. ఆ మనిషి రుణం తీరేది కాదు. అయినా ఆయన గొంతు విన్నప్పుడల్లా నాకు ఆ మైకే వినపడేది, ఆయనకూ అది తెలుసు. ఒక రోజు లెక్కలు చెప్తూ చెప్తూ ఆగి, "అమ్మా, ఆ మైకు పట్టుకున్నది నేనే కదా" అన్నారు. నేను తల వంచుకుని లెక్క చేసుకుంటూ కూర్చున్నాను.

మావ సముద్రం వదిలేశాడు. ఉక్కు ఫ్యాక్టరీ పునాదులు తవ్వే కంట్రాక్టరు దగ్గర కూలిపనికి చేరాడు. అన్న కలలుగన్న చోటికి మావ వెళ్ళాడు, తట్టతో మట్టి మొయ్యడానికి. నాకు ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, మేము కూర్మన్నపాలెంలో ఇల్లు తీసుకున్నాం. మా ఆయన ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని చేసేవారు. పాప పుట్టినప్పుడు అమ్మను వచ్చి మాతో ఉండమన్నాను. "సముద్రం కనపడదు కదా మీ ఇంటికాడ?" అని ఒక్కటే అడిగింది. కనపడదన్నాను. గంప పక్కింటావిడకు ఇచ్చేసి వచ్చేసింది.

పాపను అమ్మే పెంచింది. స్నానం పోసేది, కాళ్ళ మీద ఊపేది, చందమామను చూపించేది. చంటిపిల్లలకు చేతులు పట్టుకుని చప్పట్లు కొట్టడం నేర్పుతారు కదా, అది మాత్రం నేర్పలేదు. పక్కింటి పిల్లలను చూసి పాప తనంతట తానే నేర్చుకుని, పెళ్ళికి వెళ్ళినంత సంబరంగా అమ్మ ముందుకొచ్చి కొట్టి చూపించింది. అమ్మ ఆ చిన్న చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని పట్టుకుంది. పాప గింజుకుంది. నేను పాపను ఎత్తుకుని అవతలికి వెళ్ళిపోయాను.

బడిలో నా అవస్థ నాది. నా గొంతు బాగుంటుందని మా హెడ్‌మాస్టరు ప్రతి పంద్రాగస్టుకూ నన్ను మైకు దగ్గరకు తోసేవారు. నేను పిప్పరమెంటు బిళ్ళల డబ్బా పట్టుకుని పిల్లల వరస చివరకు పారిపోయేదాన్ని. "ఈ పంతులమ్మకు పంచిపెట్టడమంటే మహా ఇష్టం" అనేవారు. రెండు చేతులా డబ్బా ఉంటే చప్పట్లు కొట్టక్కర్లేదు మరి. పిల్లలకు పాఠం మాత్రం మనసు పెట్టే చెప్పేదాన్ని. జెండా రంగులు చెప్పేటప్పుడు పచ్చ రంగు దగ్గర దగ్గినట్టు నటించేదాన్ని.

స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్ళు నిండాయని మళ్ళీ ఒకసారి గట్టిగా పండగ చేశారు. పిల్లల్ని కాలనీ అంతా ఊరేగింపు తిప్పారు. బడిలో పని ముగించుకుని నేను ఇంటికి వచ్చేసరికి మావ వచ్చి ఉన్నాడు. మట్టి, సిమెంటు మింగి మింగి అప్పటికే ఆయన ఊపిరి పాడైంది. మాట్లాడితే ఆయాసం, నాలుగు మాటలకోసారి ఆగేవాడు. గుమ్మంలో కూర్చున్నాడు, అమ్మ లోపల బియ్యం ఏరుతోంది. వీధి చివర పిల్లలు కేకలు పెడుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. అమ్మ చేట పక్కన పెట్టి తలుపు వెయ్యడానికి లేచింది.

మావ తలుపుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండప్పా" అన్నాడు. అమ్మను ఆయన అప్పా అనే పిలిచేవాడు.

"ఎయ్యనీరా."

"ఉండు. ఒక మాట నీకాడ దాసీసినాను. ఇన్నాళ్ళూ సెప్పడానికి నోరు రానేదు. నాను పోతే ఆ మాట నాతోనే పోద్ది."

అమ్మ నిలబడిపోయింది. నేను పాపను పక్కింటికి పంపించాను.

"ఆడికి తెలివుందప్పా," అన్నాడు మావ. "ఒడ్డుకి తెచ్చీసరికి పోనాది గానీ, నాను తెడ్డెత్తినప్పుడు ఉంది. తెప్ప మీద ఎల్లకిలా పడుకుని తల ఇటేపు తిప్పి సూసినాడు. మీరంతా తప్పట్లు కొడతన్నారు. నువ్వు సేతులెత్తి ఊపుతన్నావు. ఆడు నిన్ను సూసినాడు."

ఆయాసంతో ఆగాడు.

"'మావా, అమ్మ సూసీసింది. ఇంక బయ్యం నేదు, ఒచ్చీత్తారు' అన్నాడప్పా. 'తెడ్డు దించీ, నీ సేతులు నొప్పెడతాయి' అన్నాడు. నాను దించనేదు. నాకు తెలిసిపోనాది మీరు రారని. ఆడికి సెప్పనేదు. ఆడు కళ్ళు మూసుకుని పడుకున్నాడు. బయపడనేదప్పా, ఏడవనేదు. నువ్వు సూసీసినావని దైర్యంగా పడుకున్నాడు. ఇది ఇంటే నీ మనసు కుదట పడతాదని సెప్తన్నాను."

పాపం మావ. మనసులో ఉన్న ఒక్క మంచి ముక్కను ఇన్నేళ్ళు దాచి, ఆఖరికి అక్క చేతిలో పెట్టాననుకున్నాడు.

అమ్మ కింద కూర్చుంది. ఊరేగింపు మా వీధిలోకి వచ్చింది, పిల్లలు మా గుమ్మం ముందు నుంచే వెళ్ళారు. నా బడి పిల్లలే, నన్ను చూసి చేతులు ఊపారు.

"నన్ను తిట్టుకోనేదా?" అంది అమ్మ.

"నేదప్పా. ఎందుకు తిట్టుకుంటాడు?"

"'పేనం పోతంటే ఇదేటి తప్పట్లు కొడతంది' అనుకోనేదా?"

"అనుకోనేదు. ఒట్టు."

"ఇన్నాళ్ళూ తిట్టుకుంటా పోనాడనే అనుకున్నాను" అంది. "అలాగే ఓర్సుకున్నాను. తిట్టనీ, తల్లిని కాపోతే ఎవుల్ని తిడతాడు అనుకున్నాను."

మావ ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"తిట్టుకుని పోయినా బాగుణ్ణురా తమ్ముడా," అంది. "నా కొడుకు నన్ను నమ్మి పోనాడు."